మొగిలి ఒంటి మీద మచ్చలు

జై తెలంగాణ గొడవలు ముమ్మరంగా సాగుతున్న ఏడాది కిష్టమ్మకు ఐలయ్యతో పెళ్ళయింది. పట్నంలో దుకాణాలు మూసేసి ఉన్నాయి. కొత్త చీర కొనడానికి వీలుపడక, అక్క పెట్టెలోంచి తీసిచ్చిన పసుపు చీర కట్టుకుని కొండాపూర్ నుంచి ఖాజాగూడకు ఎడ్లబండి మీద వచ్చింది. బండి దిగేసరికి గుమ్మంలో మూడేళ్ళ పిల్ల నిలబడి ఉంది. ముక్కు కారుతోంది. చేతిలో జొన్నరొట్టె ముక్క ఉంది. పెళ్ళికూతుర్ని కిందినుంచి మీదిదాకా చూసి, "నువ్వెవలు?" అంది.

"కిష్టమ్మను."

"మా ఇంటికెందుకొచ్చినవు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. కిష్టమ్మ పిల్ల ముందు వంగింది. "ఆకలైతున్నది, అన్నం పెడతరేమోనని వచ్చిన" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, చేతిలోని రొట్టె ముక్కలో సగం విరిచి ఇచ్చింది.

ఆ పిల్ల పేరు మొగిలమ్మ. అందరూ మొగిలి అనేవారు. ఐలయ్య మొదటి భార్య భాగ్యమ్మ రెండో కాన్పులో బిడ్డతోపాటే కన్నుమూసింది. భాగ్యమ్మ తల్లి రుక్కమ్మ కూకట్‌పల్లిలో ఉండేది. మనవరాల్ని తానే పెంచుకుంటానని ఎంత అడిగినా ఐలయ్య ఇవ్వలేదు. అతను గుట్టల మీద బండ కొట్టే మనిషి. పొద్దున సుత్తి, ఉలి పట్టుకుపోతే పొద్దుగూకాకే ఇంటికొస్తాడు. మంచివాడే. కాని కష్టం వస్తే మాట్లాడడు, పనికి పోతాడు. ఆ సంగతి కిష్టమ్మకు పెళ్ళయిన మొదటి ఏడాదే తెలిసిపోయింది.

"అమ్మా అని పిలువవే" అని ఊరి ఆడవాళ్ళు ఎంత చెప్పినా మొగిలి వినలేదు. తండ్రి పిలిచినట్టే "కిష్టమ్మా" అని పిలిచేది. మొదట్లో కిష్టమ్మకు మనసు చివుక్కుమనేది. తరువాత తరువాత ఆ పిలుపే బాగుందనిపించింది. ఆ పిల్ల నోట్లోంచి వచ్చేది ఏదైనా సరే నిజంగానే వచ్చేది, ఎవరో నేర్పితే వచ్చేది కాదు.

చెరువు కింద వాళ్ళకు చిన్న మడి ఉంది. కిష్టమ్మ తోటకూర, పాలకూర, కొత్తిమీర వేసేది. గంప నెత్తిన పెట్టుకుని షేక్‌పేట దాకా నడిచి, అక్కడినుంచి బస్సెక్కి మెహిదీపట్నం పోయి అమ్ముకొచ్చేది. మొగిలి కొంచెం పెద్దదయ్యాక తనూ వస్తానని వెంటపడేది. గంప పక్కన గొంతుక్కూర్చుని, బేరమాడేవాళ్ళను ఎగాదిగా చూసి, "తీసుకుంటె తీసుకో, లేకుంటె ఆకు నలపకు" అనేది. కొనేవాళ్ళు కోప్పడాలో నవ్వాలో తెలియక నవ్వేవారు. ఇంటికొచ్చేటప్పుడు గంపలో ఏమీ మిగలకపోతే ఆ ఘనత తనదే అన్నట్టు ముందు నడిచేది.

కిష్టమ్మకు కొడుకు పుట్టాడు. యాదగిరి అని పేరు పెట్టారు. వాడు పాకే వయసొచ్చేసరికి మొగిలికి ఎనిమిదేళ్ళు. ఆ ఎండాకాలం నుంచే పిల్లలో హుషారు తగ్గింది. మెహిదీపట్నం వస్తానని అడగడం మానేసింది. కాళ్ళు గుంజుతున్నాయని మధ్యాహ్నం పూటే మంచం ఎక్కేది. జ్వరం రావడం, పోవడం, మళ్ళీ రావడం. ముఖం పాలిపోయింది. తమ్ముడు పుట్టాడని దిష్టి అన్నారు, అలక అన్నారు. కిష్టమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఒకనాడు మేకను కాపలా కాయమంటే మొగిలి చెట్టు కింద నిద్రపోయింది. మేక తోటకూర మడి సగం మేసేసింది. కోపం పట్టలేక కిష్టమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టు చూసింది.

ఆషాఢంలో బోనాలకు రుక్కమ్మ కూకట్‌పల్లి నుంచి వచ్చింది. మనవరాలికి తలంటు పోస్తానని వాకిట్లో రాయి మీద కూర్చోబెట్టి, లంగా విప్పింది. మరుక్షణం ఆమె అరుపుకు వాడంతా బయటికొచ్చింది.

"చూడుండ్రి! చూడుండ్రమ్మా! పిల్ల ఒళ్ళంత ఎట్ల కమిలిందో చూడుండ్రి! కన్నది కాకుంటే గిట్లనే చంపుతరా?"

మొగిలి తొడల మీద, పిక్కల మీద, వీపు మీద నల్లగా, నీలంగా మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. కిష్టమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. కొన్నాళ్ళుగా పిల్ల తనంతట తానే నీళ్ళు పోసుకుంటోంది. ఈ మచ్చలు ఆమె కంటపడలేదు.

"నేను కొట్టలే పెద్దమ్మా."

"మరి నేను కొట్టిన్నా? మీ ఇంట్ల దయ్యం కొట్టిందా? ఏమే మొగిలి, కిష్టమ్మ కొట్టిందా లేదా? నా మీద ఒట్టు, నిజం చెప్పు."

మొగిలి నిజమే చెప్పింది. "కొట్టింది. ఒక్కటి. మేక తోటకూర తింటే."

ఆ ఒక్క మాట చాలింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిష్టమ్మ భర్త వైపు చూసింది. అతను దడి పక్కన నిలబడి ఉన్నాడు. "నా పెండ్లాం గట్ల చెయ్యదు" అంటాడేమోనని చూసింది. ఐలయ్య పిల్ల కాళ్ళ వంక, పెళ్ళాం చేతుల వంక చూసి, తల దించుకుని గుట్ట వైపు నడిచాడు. రుక్కమ్మ తిట్టినదంతా ఒక ఎత్తు, ఆ నడక ఒక ఎత్తు.

తెల్లవారి కిష్టమ్మ యాదగిరిని చంకనేసుకుని, మొగిలిని చేయిపట్టుకుని పట్నంలోని పెద్ద దవాఖానకు బయల్దేరింది. పిల్ల జబ్బు కోసం పోయిందా, తన మీద పడ్డ నింద కడుక్కోవడానికి పోయిందా అంటే, ఆ వేళ ఆమెకే తెలియదు. కొట్టలేదని చదువుకున్న మనిషి ఎవరైనా ఒక మాట చెబితే చాలనుకుంది.

పిల్లల్ని చూసే డాక్టరమ్మ పేరు పుణ్యవతి. గోదావరి జిల్లా మనిషి. మొగిలిని బల్ల మీద పడుకోబెట్టి, కనురెప్పలు లాగి చూసి, చిగుళ్ళు చూసి, కడుపు నొక్కి చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మాట తగ్గిపోయింది.

"డాక్టరమ్మా, నేను కొట్టలేదని జర మా ఇంటాయనకు చెప్పుండ్రి" అంది కిష్టమ్మ.

పుణ్యవతి తలెత్తి చూసింది. "ఎవరూ కొట్టలేదమ్మా. ఇవి దెబ్బలయితే నాకు ఇంత బెంగ ఉండేది కాదు."

నెత్తురు తీసి పరీక్షకు పంపారు. తుంటి ఎముకలో లావు సూది గుచ్చి అందులోంచీ తీశారు. మొగిలి పెట్టిన కేకలకు యాదగిరి కూడా అందుకున్నాడు. మరునాడు డాక్టరమ్మ కిష్టమ్మను, కబురందుకుని వచ్చిన ఐలయ్యను కూర్చోబెట్టి చెప్పింది. ఇది నెత్తురుకు వచ్చే క్యాన్సర్. నెత్తురు ఎముకల లోపల పుడుతుంది. అక్కడ పనికిరాని కణాలు విపరీతంగా పెరిగిపోయి, మంచి నెత్తురును పుట్టనివ్వడం లేదు. అందుకే ఆ మచ్చలు, ఆ జ్వరం, ఆ నీరసం. ఎవరి చేతివల్లా రాదు, ఎవరి దిష్టివల్లా రాదు.

"నా చేతివల్ల కాదు గదా?" అని కిష్టమ్మ మళ్ళీ అడిగింది.

"కాదమ్మా."

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న ఊపిరి వదిలేలోపు, తాను దేనికి సంబరపడిందో తెలిసొచ్చింది. మంచం మీద పిల్ల చచ్చిపోయే రోగంతో పడుకుని ఉంటే, తన పేరు నిలిచిందని సంతోషపడింది. ఆ క్షణం గురించి కిష్టమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. కాని ఆ తరువాత చేసిన చాకిరీ అంతటిలోనూ అది లోపల ముల్లులా కదులుతూనే ఉండేది.

"బతుకుతదా?" అని ఐలయ్య అడిగాడు. అతని నోటినుంచి వచ్చింది ఆ ఒక్క మాటే.

"ఇంతకుముందు ఒక్కరూ బతికేవారు కాదు. ఇప్పుడు మందులొచ్చాయి. కొందరు బతుకుతున్నారు. అందరూ అని చెప్పలేను. కాని మందులు మధ్యలో ఆపకూడదు. ఏళ్ళపాటు వాడాలి. అది నాకు మాటివ్వాలి మీరు."

ఐలయ్య తలూపాడు. కిష్టమ్మ "ఇస్తున్న" అని పైకే అంది.

ముందు నెత్తురు ఎక్కించాలన్నారు. సూది చూడగానే ఐలయ్యకు కళ్ళు తిరిగి అక్కడే కూలబడ్డాడు. బండలు పగలగొట్టే మనిషికి మొహాన నీళ్ళు కొట్టి లేపాల్సి వచ్చింది. కిష్టమ్మ నెత్తురు కలిసిందన్నారు. చేయి చాపి ఇచ్చింది. ఎర్రటి సీసా తలాపున వేలాడుతుంటే మొగిలి అనుమానంగా చూసింది.

"ఇది నీదా?"

"నాదే."

"అయితే ఇగ నాకు గూడ నీ లెక్క కోపమొస్తదేమో."

"నీకు ముందే ఉన్నది. నా నెత్తురుతోని జర తగ్గుతదేమో చూద్దాం" అంది కిష్టమ్మ. చాన్నాళ్ళకు పిల్ల నవ్వింది. చిగుళ్ళ మీద నెత్తురు చార కనబడింది.

అక్కడినుంచి దవాఖాన రోజులు మొదలయ్యాయి. వారానికొకసారి నరానికి సూది. పూటపూటకూ గోలీలు. అన్నింటికన్నా కష్టం వెన్నులో సూది. పిల్ల మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కదలకుండా పడుకోవాలి. నర్సులు పట్టుకుంటే మొగిలి తన్నేది. వాళ్ళ ఏడు తరాలనూ తిట్టేది. చివరికి డాక్టరమ్మ, "కిష్టమ్మా, నువ్వే పట్టుకో" అంది. కిష్టమ్మ పిల్లను రెండు చేతులా చుట్టేసి, తన రొమ్ముకు అదుముకుంది. సూది దిగుతుంటే మొగిలి ఆమె భుజాన్ని కసిగా కొరికింది. కిష్టమ్మ పట్టు సడలించలేదు. అయిపోయాక జాకెట్టు తప్పించి చూస్తే పళ్ళ గాట్లు నీలంగా కమిలి ఉన్నాయి.

మొగిలి ఆ గాటును వేలితో తాకి చూసింది. "ఇప్పుడు అమ్మమ్మకు నువ్వు చెప్పు, మొగిలి నన్ను కొట్టిందని" అంది.

మందుల మూలంగా జుట్టంతా ఊడిపోయింది. తిన్నదంతా కక్కేది. ఇంకో మందు మొదలుపెట్టాక తీరు మారిపోయింది, తీరని ఆకలి పట్టుకుంది. కోడి కూయకముందే లేచి అన్నం అడిగేది. జొన్న గట్కలో మజ్జిగ పోసి పెడితే తాగి, ఇంకేముంది అని కుండలు వెతికేది. ఎక్కడైనా మేకను కోస్తే నల్లి బొక్క కావాలని ఏడ్చేది. తెచ్చిపెడితే దాన్ని కంచానికేసి కొట్టి, లోపలి మూలుగంతా పీల్చేదాకా వదిలేది కాదు. ముఖం చంద్రబింబంలా ఉబ్బింది. "పిల్ల బలిసింది, ఇగ ఫికర్ లేదు" అన్నారు ఊరివాళ్ళు.

నిజంగానే కొన్ని నెలలకు మచ్చలు మాయమయ్యాయి. ఎముకలోంచి మళ్ళీ తీసి చూసి, చెడ్డ కణాలేవీ కనబడడం లేదని డాక్టరమ్మ చెప్పింది. కిష్టమ్మ చేతులెత్తి దండం పెట్టబోతే ఆపింది.

"కనబడడం లేదంటే లేవని కాదమ్మా. ఎక్కడో దాక్కుని ఉంటాయి. అందుకే గోలీలు ఇంకా రెండేళ్ళయినా వెయ్యాలి."

"తుంగ లెక్కనా?" అంది కిష్టమ్మ. మడిలో తుంగ ఎంత పీకినా కింద గడ్డ ఉండిపోతుంది.

"అంతే. అలాంటిదే."

ఈ మాట కిష్టమ్మకు అర్థమయింది కాని, ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాలేదు. గోలీ పడ్డ పూట పిల్లకు వికారం. గోలీ వెయ్యని పూట హుషారు. చూసేవాళ్ళకు రోగం గోలీలోనే ఉన్నట్టుండేది. "మంచిగయిన పిల్లకు మందులెందుకే" అని ఐలయ్యే రెండు మూడుసార్లు అన్నాడు. కిష్టమ్మ వినిపించుకోలేదు. అటుకుల్లో బెల్లం కలిపి, మధ్యలో గోలీ పెట్టి, మొగిలి నోరు తెరిచేదాకా ఎదురుగా కూర్చునేది.

మరుసటేడు దసరాకు రుక్కమ్మ వచ్చి, పిల్లను నాలుగు దినాలు తీసుకుపోతానంది. వద్దనడానికి కిష్టమ్మకు హక్కేముంది? పిల్ల ఎగిరి గంతేసింది. కిష్టమ్మ గోలీలు మూటగట్టి, ఏది ఎప్పుడు వెయ్యాలో రుక్కమ్మకు చెప్పింది. రుక్కమ్మ మూట తీసుకుంది కాని, మాట తీసుకోలేదు.

నాలుగు దినాలు పోయాయి. పక్షం పోయింది. దీపావళి కూడా వెళ్ళిపోయింది. పిల్ల రాలేదు. "ఆడనే ఉండనియ్యి, సుఖంగున్నది" అన్నాడు ఐలయ్య. కిష్టమ్మ కొడుకును చంకనేసుకుని బయల్దేరింది. రాయదుర్గం దాటి, మాదాపూర్ మీదుగా, సీతాఫలం పొదల మధ్య బండలెక్కుతూ దిగుతూ పోయే తోవ. మనిషి అలికిడి ఉండదు. దారంతా రుక్కమ్మతో ఏమనాలో కూడబలుక్కుంటూ నడిచింది.

కూకట్‌పల్లిలో వాకిలి ముందు మొగిలి గచ్చకాయలాడుతోంది. నెత్తి మీద బెత్తెడు జుట్టు మొలిచింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కిష్టమ్మను చూసి పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి లాక్కుని ముద్దుపెట్టుకుంది. "మొగిలి, పోదాం పా" అనగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను రాను. వస్తె గోలీలేస్తవు. సూదేపిస్తవు."

"గోలీలెయ్యకుంటే మళ్ళ పానం బాగుండది బిడ్డా."

"ఈడ బాగనే ఉన్న."

రుక్కమ్మ లోపల్నుంచి వచ్చింది. "విన్నవు గదా? పిల్లే రానంటున్నది. ఆ గోలీలు నేను పెంట మీద పారేసిన. విషమది. నా బిడ్డ పోయింది చాలు, నా మనవరాలిని గూడ మింగుతరా మీరు?"

"డాక్టరమ్మ చెప్పింది పెద్దమ్మా..."

"డాక్టరమ్మ కన్నదా? నువ్వు కన్నవా?"

కూడబలుక్కున్న మాటలేవీ నోటికి రాలేదు. కిష్టమ్మ గడపలోనే కూలబడింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉంది. రుక్కమ్మ అన్నం పెడితే తినలేదు. లేచేముందు, మొగిలిని ఎత్తుకుని పారిపోదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఒక చంకలో యాదగిరి. ఇంకో చేత్తో తొమ్మిదేళ్ళ పిల్ల. అదీ రానని ఏడ్చే పిల్ల. ఆ గుట్టల దారి. ఒంటరిగానే తిరిగొచ్చింది. ఐలయ్యను పంపుదామని చూస్తే అతను వాయిదాలు వేశాడు. దవాఖానకు పోయి చెబితే డాక్టరమ్మ చాలా కోప్పడింది. మొదట కిష్టమ్మ మీదే కోప్పడింది. తరువాత సంగతంతా విని, మళ్ళీ గోలీలిచ్చి పంపింది. ఆ గోలీలు పట్టుకుని కిష్టమ్మ ఇంకోసారి కూకట్‌పల్లి పోయింది. ఈసారి రుక్కమ్మ మొగిలిని చుట్టాలింట్లో దాచిపెట్టి, తన ఇంటి తలుపుకు తాళం వేసుకుని పోయింది.

చలికాలం పోతూండగా ఒక మధ్యాహ్నం ఇంటి ముందు రిక్షా ఆగింది. రుక్కమ్మ దిగింది. ఆమె ఒళ్ళో మొగిలి తల వేలాడేసి ఉంది. తలనొప్పి, వాంతులు, ముక్కులోంచి ఆగని నెత్తురు. రుక్కమ్మ చీర చెంగంతా తడిసి ఉంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"కిష్టమ్మా, పిల్లను తెచ్చిన" అంది.

కిష్టమ్మ యాదగిరిని ఒక చంకలో ఎత్తుకుని, అదే రిక్షా ఎక్కింది.

రోగం తిరగబెట్టిందని పుణ్యవతి చెప్పింది. మళ్ళీ మొదటినుంచి సూదులు, మళ్ళీ నెత్తురు. ఈసారి ఐలయ్య తనంతట తానే వచ్చి, మొహం గోడ వైపు తిప్పుకుని, చేయి చాపాడు. రుక్కమ్మ వరండాలో ఒక మూల కూర్చుండిపోయింది. ఎవరైనా తిడితే బాగుండునన్నట్టు వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసేది. ఎవరూ తిట్టలేదు. కిష్టమ్మ ఆమె ముందు అన్నం గిన్నె పెట్టేది, మాట్లాడేది కాదు.

మందులకు రోగం మొదటిసారిలా లొంగలేదు. ఒక ఉదయం కిష్టమ్మ డాక్టరమ్మ గదిలోకి పోయి నిలబడింది. యాదగిరి చంకలో ఉన్నాడు.

"ఇంకేం మందు లేదా అమ్మా? ఎక్కడున్నా సరే."

పుణ్యవతి చేతిలోని కలాన్ని బల్ల మీద పెట్టింది. "విదేశాల్లో ఒకటి చేసి చూస్తున్నారు. ఎముకల్లో మూలుగ ఉంటుంది చూశావా..."

"నల్లి బొక్కల ఉంటది గదా."

"అదే. పిల్లదాని ఒంట్లో చెడిపోయిన మూలుగను మందులతో పూర్తిగా చంపేసి, తోడబుట్టిన వాళ్ళ ఎముకల్లోంచి మంచి మూలుగ తీసి ఎక్కిస్తున్నారు. అది నిలిస్తే కొత్త నెత్తురు పుడుతుంది."

కిష్టమ్మ యాదగిరిని తీసి బల్ల మీద కూర్చోబెట్టింది. "వీడు తమ్ముడే గదా. తీసుకోండ్రి."

పుణ్యవతి తల అడ్డంగా ఊపింది. "మన దేశంలో ఎక్కడా చెయ్యట్లేదమ్మా. నా దగ్గర ఆ పరికరాలు లేవు, ఆ చదువూ లేదు. అక్కడ కూడా ఇంకా ప్రయత్నాలే, చాలామందికి నిలవట్లేదు. అయినా... ఒకే తల్లిదండ్రులకు పుట్టిన వాళ్ళదయితేనే కలిసే వీలుంటుంది. వీడిది కలవడం కష్టం."

"నాయిన ఒక్కడే. తల్లులే వేరు."

"అవునమ్మా. అందుకే." తరువాత మెల్లగా అంది, "నీకు చెప్పి ఉండాల్సింది కాదు."

బల్ల మీద యాదగిరి కాళ్ళు ఆడిస్తూ కలం అందుకోబోతున్నాడు. కిష్టమ్మ చూపు వాడి పిక్క మీద పడింది. అది తన జానెడంత కూడా లేదు. అంత కాలిలో అంత లావు సూది దించమని తానే అడిగింది. చప్పున వాడిని ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. బయటికొచ్చాక ఐలయ్య "ఏమన్నది?" అని అడిగితే, "ఏమన్లే" అంది. తల్లి వేరవడం వల్ల దారి మూసుకుపోయిందన్న మాట ఆ ఇంట్లో ఇంకెవరి చెవినా పడనివ్వలేదు.

ఎండలు ముదిరే వేళకు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక్కడ ఉంచితే నెత్తురు ఎక్కిస్తూ ఉండగలం, ఇంటికి తీసుకుపోతామంటే కాదనను అంది. మొగిలినే అడిగారు. "ఇంటికి పోదాం. ఈడ వాసన" అంది.

ఇంటి దగ్గర చూరు నీడన మంచం వేశారు. రుక్కమ్మ మనవరాలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కిష్టమ్మ తడిగుడ్డతో పెదాలు తుడిచేది. ఐలయ్య ఆ రోజుల్లో పనికి పోలేదు. పెళ్ళయ్యాక అతను పని మానడం కిష్టమ్మ అప్పుడే చూసింది. కూతురి తలాపున కూర్చుని, గుట్ట మీది ఏ గుండురాయి పేరేంటో, దేన్ని ఎట్లా పగలగొట్టాడో, ఏది ఎంతకీ లొంగలేదో, పదేళ్ళుగా చెప్పని కబుర్లన్నీ చెప్పాడు. "నాయినకు ఇన్ని మాటలొస్తయా?" అని మొగిలి కిష్టమ్మను అడిగింది.

ఒక మధ్యాహ్నం మొగిలి, "కిష్టమ్మా, మళ్ళ గోలీ ఉంటే ఇయ్యి, ఈసారి మింగుత" అంది. ఇవ్వడానికి కిష్టమ్మ దగ్గర ఏమీ లేదు. బెల్లం ముక్క చిన్నగా గిల్లి నాలుక మీద పెట్టింది. పిల్ల అది చప్పరించి, మింగినట్టు నోరు తెరిచి చూపించింది. ఆ మరునాడు, ఎండ ఇంకా తిరగకముందే, మొగిలి పోయింది. తల కిష్టమ్మ ఒళ్ళో ఉంది, కాళ్ళు రుక్కమ్మ ఒళ్ళో ఉన్నాయి.

దినాలయిపోయాక రుక్కమ్మ మూట సర్దుకుంది. సాగనంపడానికి కిష్టమ్మ రాయదుర్గం దాకా వెంట నడిచింది. బండల నీడన కాసేపు ఆగారు. అక్కడ రుక్కమ్మ, ఇన్నాళ్ళుగా గొంతులో పెట్టుకున్నది అడిగేసింది.

"కిష్టమ్మా, నిజం చెప్పు. గోలీలు నేను పారేయబట్టే పోయిందా పిల్ల?"

కాదనడం తేలిక. కాదనే చెప్పమని డాక్టరమ్మ కూడా అంది. గోలీలు వేసినా తిరగబెట్టే పిల్లలున్నారని, ఇది అందువల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరని కిష్టమ్మకు వివరంగా చెప్పింది. కిష్టమ్మకు ఆ మాటలన్నీ గుర్తున్నాయి. చుట్టాలింట్లో దాచిపెట్టిన మొగిలీ గుర్తుంది, తాళం వేసిన ఆ తలుపూ గుర్తుంది.

"డాక్టరమ్మకు తెల్వదంట పెద్దమ్మా. నాకూ తెల్వదు" అంది. "తెల్వనిదానికి నిన్ను తిట్టలేను. తిట్టుకోకుండ ఉండనూ లేను. కొన్నొద్దులు నువ్వు ఇటు రాకు. మనసు నిమ్మళమైనంక నేనే వచ్చి తోలుకొస్త."

రుక్కమ్మ తలాడించింది. ఆ మాట ఆమెకు దెబ్బలా తగిలినట్టు లేదు. ఇన్నాళ్ళకు ఎవరో తనతో నిజం మాట్లాడినట్టు, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"యాదిగాన్ని ఎండల తిప్పకు" అని చెప్పి, మాదాపూర్ తోవ పట్టింది.

ఆమె బండల వెనక కనుమరుగయ్యేదాకా కిష్టమ్మ నిలబడి చూసింది. అప్పుడు, ఇన్ని నెలల్లో మొదటిసారిగా, ఎవరూ చూడని చోట, నోరు తెరిచి పెద్దగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తోవలోని చెరువు నీళ్ళతో మొహం కడుక్కుని, కొడుకు ఆకలికి లేచే వేళయిందని గబగబా ఇంటికి నడిచింది.